.44 మాగ్నమ్ తన్నినప్పుడు: పట్టు, తూటా, కనురెప్ప

పెద్ద రివాల్వర్ మొదటిసారి చేతికి తీసుకునేవాళ్లు అడిగేది ఒకటే: "తన్నకుండా ఎలా పట్టుకోవాలి?" అలాంటి పట్టు లేదు. బుల్లెట్ ఎంత ఊపుతో ముందుకు పోతుందో తుపాకీ అంత ఊపుతోనూ వెనక్కి వస్తుంది, జబ్బలు ఎంత లావున్నా సరే. మన చేతిలో ఉన్నవి మూడే పనులు. తుపాకీ ప్రతిసారీ ఒకే దారిన లేచి ఒకే దారిన దిగేలా చూసుకోవడం. ఆ దెబ్బ ఒక్క బొటనవేలి కీలు మీద పడకుండా మణికట్టూ మోచేయీ భుజమూ పంచుకునేలా నిలబడటం. దెబ్బ పడకముందే ఒళ్లు ఉలిక్కిపడకుండా చేసుకోవడం. మొదటి రెండూ ఒక్క పూటలో నేర్పొచ్చు. మూడోదానికి నెలలు పడుతుంది. అయినా తుపాకీ పేల్చే రేంజిలో ఎక్కువ మాటలు మొదటి రెండింటి గురించే నడుస్తాయి, అవి కంటికి కనిపిస్తాయి కాబట్టి.

ఉదాహరణకు .44 మాగ్నమ్‌ను తీసుకుంటున్నాను. 1955 చివర్లో తుపాకుల కంపెనీ స్మిత్ అండ్ వెస్సన్, తూటాల కంపెనీ రెమింగ్టన్ కలిసి తెచ్చిన తూటా (తొడుగు, మందు, బుల్లెట్ అన్నీ కలిసినది) ఇది. అంతకుముందు ఏళ్ల తరబడి, దీనికంటే పొట్టిదైన పాత తూటా .44 స్పెషల్‌లో తుపాకీమందు ఎక్కువ దట్టించి పేలుస్తూ, ఇలాంటిది కావాలని పత్రికల్లో పోరుపెట్టినవాడు ఎల్మర్ కీత్. దానికోసం చేసిన రివాల్వర్‌కు 1957లో మోడల్ 29 అని పేరొచ్చింది. తర్వాత .454 కసూల్, .500 ఎస్ అండ్ డబ్ల్యూ లాంటివి దీన్ని దాటిపోయాయి గానీ, అమెరికాలో తుపాకులు అద్దెకిచ్చే రేంజిలో "పెద్దది కావాలి" అంటే చాలాచోట్ల కౌంటర్ మీదికి వచ్చేది .44నే.

అమెరికా రేంజి అన్నాను కాబట్టి అక్కడి మనవాళ్లకు ముందే ఒక మాట. ఫెడరల్ చట్టం ప్రకారం నాన్-ఇమిగ్రెంట్ వీసా మీద ఉన్నవాళ్లు, అంటే హెచ్-1బి, ఎఫ్-1, పిల్లల్ని చూడటానికి వచ్చిన అమ్మానాన్నల బి-2 అందరూ, తుపాకీ గానీ తూటాలు గానీ దగ్గర ఉంచుకోకూడదు. రేంజిలో పది నిమిషాలు అద్దెకు తీసుకున్నా అది దగ్గర ఉంచుకోవడం కిందికే వస్తుంది. మినహాయింపుల్లో మనవాళ్లకు పనికొచ్చేది ఏదో ఒక రాష్ట్రం ఇచ్చిన, గడువు తీరని వేట లైసెన్సు. గ్రీన్ కార్డు ఉన్నవాళ్లకు ఈ నిషేధం లేదు. "ఫ్రెండ్ తుపాకీయే కదా, ఒక్కసారి కాల్చి చూస్తా" అన్న మాట వీసా మీదికి తెచ్చుకునే మాట. రాష్ట్రాల చట్టాలు వేరేగా ఉంటాయి, అవీ చూసుకోవాలి.

ఇండియాలో ఉండి చదువుతున్నవాళ్లకు ఈ పెద్ద తన్ను గొడవ దాదాపు లేదు. కాన్పూర్‌లో తయారయ్యే సర్కారీ రివాల్వర్లు .32 బోరువి. హాంగ్జౌ ఆసియా క్రీడల్లో మన హైదరాబాద్ అమ్మాయి ఈషా సింగ్ రజతం తెచ్చిన 25 మీటర్ల పిస్టల్ పోటీ .22ది, అందులో తన్ను నామమాత్రం. అయినా ఉలికిపాటు గురించి కింద చెప్పేది .22 పేల్చేవాళ్లకూ, .32 సెంటర్‌ఫైర్ (తూటా అడుగు మధ్యలో దెబ్బ తగిలి పేలే రకం) పేల్చేవాళ్లకూ కూడా వర్తిస్తుంది.

లెక్క

అంకెలు ఒకసారి వేసుకుంటే సగం అపోహలు పోతాయి. .44 మాగ్నమ్‌లో మామూలు బుల్లెట్ 240 గ్రెయిన్లు, అంటే 15.5 గ్రాములు. ఆరున్నర అంగుళాల బ్యారెల్ నుంచి సెకనుకు సుమారు 1,200 అడుగుల వేగంతో, అంటే 366 మీటర్లతో వెళుతుందనుకుందాం. మందు ఓ 22 గ్రెయిన్లు. అది మండి గ్యాసై బుల్లెట్ కంటే వేగంగా బయటికొస్తుంది. చేతి తుపాకులకు బుల్లెట్ వేగానికి ఒకటిన్నర రెట్లు అని లెక్క కడతారు. రెండూ కలిపి ఊపు సెకనుకు సుమారు 6.5 కిలోగ్రామ్-మీటర్లు. రివాల్వర్ బరువు 1.36 కిలోలు. భాగిస్తే అది వెనక్కి వచ్చే వేగం సెకనుకు 4.8 మీటర్లు, శక్తి 15 జౌళ్లు.

అదే తుపాకీలో .44 స్పెషల్ వేయండి. 246 గ్రెయిన్ల బుల్లెట్, 755 అడుగుల వేగం. వెనక్కి వచ్చే వేగం 2.8 మీటర్లు, శక్తి 5 జౌళ్లు. తుపాకీ అదే, పట్టు అదే, తన్ను మూడో వంతు.

ఇప్పుడు .44 మాగ్నమ్‌నే తేలికైన స్కాండియం మిశ్రమలోహపు ఫ్రేముతో వచ్చే 329పీడీ లాంటి తేలిక రివాల్వర్‌లో వేయండి. దాని బరువు 710 గ్రాములు. వేగం సెకనుకు 9 మీటర్లు, శక్తి 29 జౌళ్లు. అంటే బరువు సగమైతే దెబ్బ రెట్టింపు. అలాస్కాలో ఎలుగుబంట్ల భయంతో నడుముకు కట్టుకుని తిరిగేవాళ్ల కోసం చేసిన వస్తువు అది, సాధన చేయడానికి కాదు.

ఇంకో లెక్క. జేబులో పట్టే .38 స్పెషల్, 415 గ్రాములది, మామూలు 158 గ్రెయిన్ల తూటాతో. శక్తి 7 జౌళ్లే, కానీ వెనక్కి వచ్చే వేగం సెకనుకు 5.9 మీటర్లు. పెద్ద మోడల్ 29 కంటే ఎక్కువ! చేతికి చురుక్కుమనిపించేది శక్తి ఒక్కటే కాదు, ఆ శక్తి ఎంత వేగంగా వచ్చి ఎంత చిన్న పిడి మీదుగా దిగుతుందన్నది కూడా. "ఆడవాళ్లకు చిన్న రివాల్వర్ ఇవ్వండి, సుకుమారంగా ఉంటుంది" అని తుపాకుల కొట్లో ఇచ్చే సలహా ఎంత తప్పో ఈ ఒక్క అంకె చెబుతుంది. నేర్చుకునేవాళ్లకు కావలసింది బరువైన తుపాకీ, తేలికైన తూటా.

లెక్కలో చివరిది, నాకు అన్నిటికంటే ముఖ్యమనిపించేది. బుల్లెట్ బ్యారెల్‌లో ఉండే కాలం సెకనులో వెయ్యో వంతు దరిదాపు. ఆ కాలంలో రివాల్వర్ వెనక్కి జరిగేది సుమారు 2 మిల్లీమీటర్లు. మనం కంటితో చూసే ఆ లేవడమంతా, బ్యారెల్ మూతి ఆకాశం వైపు తిరగడమంతా, బుల్లెట్ బయటపడ్డాకే. మనిషి ఎంత చురుకైనవాడైనా స్పందించడానికి సెకనులో ఐదో ఆరో వంతు కావాలి. కాబట్టి పేలుతున్న క్షణంలో బలంతో తుపాకీని అణచడం అసాధ్యం. అణచాలని చూసేవాళ్లు నిజానికి పేలకముందే అణుస్తున్నారు, అదే గురి తప్పడానికి కారణం.

అలాగని ఆ 2 మిల్లీమీటర్లను తీసిపారేయకండి. బ్యారెల్ చేతికి పైన ఉంటుంది కాబట్టి ఆ కాస్త కదలికలోనే మూతి కొంచెం లేస్తుంది. రివాల్వర్ల ముందు సైటు, అంటే మూతి మీదుండే గురి గుర్తు, అంత ఎత్తుగా ఉండేది అందుకే: గురి చూసినప్పుడు బ్యారెల్ నిజానికి చూపు కంటే కొంచెం కిందికి చూస్తుంటుంది, లేచేటప్పటికి సరిపోతుంది. నెమ్మదైన, బరువైన బుల్లెట్ ఎక్కువసేపు బ్యారెల్‌లో ఉంటుంది కాబట్టి 25 గజాల్లో పైకి తగులుతుంది. తేలికైన వేగవంతమైనది కిందికి. పట్టు ఒకసారి బిగువుగా, ఒకసారి వదులుగా ఉంటే ఆ లేవడం మారుతుంది, తూటాలు నిలువునా చెదురుతాయి. పట్టు ఎంత బలమైనదన్నది కాదు, ప్రతిసారీ ఒకేలా ఉందా అన్నదే ప్రశ్న.

పట్టు

డబుల్ యాక్షన్ రివాల్వర్‌లో (ట్రిగ్గర్ ఒక్కటి నొక్కితే హ్యామర్, అంటే తూటాను కొట్టే సుత్తి, తనే వెనక్కి పోయి కొట్టే రకం) కుడిచేతి బొటనవేలికీ చూపుడువేలికీ మధ్య సందు పిడి వెనకభాగంలో పైకంటా ఉండాలి, అక్కడున్న మూపురం లాంటి ఉబ్బుకు ఆనుకునేలా. కిందికి పట్టుకుంటే మూతి ఎక్కువ లేస్తుంది, పైగా ప్రతి పేలుడుకూ ఆ ఉబ్బు వచ్చి సందులో గుద్దుతుంది. మరీ పైకి పట్టుకుంటే వెనక్కి వచ్చే హ్యామర్ చర్మాన్ని పట్టుకుంటుంది. ముంజేయి, బ్యారెల్ ఒకే గీతలో ఉండాలి. చేయి చిన్నదై ట్రిగ్గర్ అందడం లేదని పిడిని పక్కకు తిప్పి పట్టుకుంటే దెబ్బ మొత్తం బొటనవేలి మొదటి కీలు మీద పడుతుంది. రెండు మూడు డబ్బాల తూటాలకే ఆ కీలు వాస్తుంది. అందకపోతే పిడి తొడుగు మార్చాలి గానీ పట్టు వంకర చేయకూడదు.

ఎడమచేయి వేళ్లు కుడిచేతి వేళ్లను ముందునుంచి చుట్టాలి. ఎడమ చూపుడువేలు ట్రిగ్గర్ గార్డు అడుగుకు గట్టిగా నొక్కుకుని ఉండాలి. మూతి లేవకుండా కాస్తయినా అదుపు చేసేది ఈ వేలే. పిడి ఎడమవైపున మిగిలిన జాగాలో ఎడమ అరచేయి మడమ ఆనాలి.

బొటనవేళ్ల సంగతి జాగ్రత్త. రెండూ కిందికి మడిచి, ఎడమది కుడిదాని గోరు మీద వేసి నొక్కాలి. ఈ రోజుల్లో అందరూ ముందు 9 ఎంఎం పిస్టల్‌తో మొదలుపెడుతున్నారు, అక్కడ రెండు బొటనవేళ్లూ ముందుకు చాపడం నేర్పుతారు. అదే అలవాటుతో రివాల్వర్ పట్టుకుంటే ఎడమ బొటనవేలు సరిగ్గా తూటాలు పట్టే సిలిండర్‌కూ బ్యారెల్‌కూ మధ్య సందు పక్కకు వస్తుంది. ఆ సందు 0.15 మిల్లీమీటర్ల దరిదాపే, కానీ .44 మాగ్నమ్‌లో పీడనం చదరపు అంగుళానికి 36,000 పౌండ్ల దాకా పోతుంది. ఆ గ్యాసు పక్కలకు కత్తిలా వస్తుంది. .44తో చర్మం చీలుతుంది, కాలుతుంది. 65,000 పౌండ్ల .460 లాంటివాటితో వేలి ముక్కే పోవచ్చు. పిస్టల్ నుంచి రివాల్వర్‌కు మారేవాళ్లకు అన్నిటికంటే ముందు చెప్పవలసింది ఇదే.

ఎంత బిగువుగా పట్టుకోవాలి? ఖాళీ తుపాకీని చేయి వణికేదాకా బిగించండి, తర్వాత వణుకు ఆగేంతవరకూ వదలండి. అదే మీ బిగువు. ఎడమచేయి కుడిదానికంటే గట్టిగా ఉండాలి, ఎందుకంటే కుడి పిడికిలి అంతా బిగుసుకుపోతే చూపుడువేలు ఒంటరిగా కదలలేదు, ట్రిగ్గర్‌తోపాటు తుపాకీ మొత్తాన్నీ లాగుతుంది. కొత్తలో హ్యామర్‌ను ముందే వెనక్కి లాగి సింగిల్ యాక్షన్‌లో పేల్చడం మేలు: ట్రిగ్గర్ బరువు కిలోన్నర దరిదాపు ఉంటుంది, డబుల్ యాక్షన్‌లో అది ఐదు కిలోలు. కానీ హ్యామర్ లాగి ఉన్నప్పుడు గురి కుదిరాకే వేలు ట్రిగ్గర్ మీదికి రావాలి.

మోచేతులు పూర్తిగా చాపి బిగించేస్తే దెబ్బ ఎముక వెంట నేరుగా భుజానికి పోతుంది, మోచేతి పక్కన కండర బంధనాలు పట్టేస్తాయి. కొంచెం వంచి ఉంచండి. మణికట్టు మాత్రం బిగిసి ఉండాలి. భుజాలు నడుము కంటే ముందుకు, బరువు పాదాల ముందుభాగం మీద. కొత్తవాళ్లు దాదాపు అందరూ తుపాకీ బరువుకు వెనక్కి వాలతారు. అలా నిలబడితే మూడో తూటాకు ఒక అడుగు వెనక్కి వేసేస్తారు. తుపాకీ లేకుండా రెండు చేతులూ కలిపి ముందుకు చాపి నిలబడి, ఎదురుగా ఎవరినైనా అరచేతుల మీద నెట్టమనండి. పడిపోబోతే నిలబడటంలోనే తప్పుంది.

.454, .500 స్థాయికి వెళితే మాట మారుతుంది. అక్కడ మూతిని లేవనివ్వాలి. మోచేతులు మడత బందుల్లా పనిచేసి తుపాకీ నుదుటి ఎత్తుదాకా వచ్చినా ఫరవాలేదు, చేయి పట్టు జారకుండా ఉంటే చాలు. అక్కడ అణచాలని చూసినవాళ్ల మణికట్లు త్వరగా పాడవుతాయి.

రూగర్ సూపర్ బ్లాక్‌హాక్ లాంటి పాతకాలపు సింగిల్ యాక్షన్ పిడి మరో రకం. నాగలి మేడిలా వంగి ఉంటుంది. పేలగానే అరచేతిలో తిరిగి పైకి జారాలనే ఆ ఆకారం. దాన్ని జారకుండా పట్టుకోవాలని చూడకండి. జారనిచ్చి, ప్రతి తూటాకూ హ్యామర్ లాగేటప్పుడు పట్టు మళ్లీ సర్దుకోండి. దాని ట్రిగ్గర్ గార్డు వెనక చతురస్రంగా ఉన్న మోడళ్లలో అది వచ్చి మధ్యవేలి కణుపును కొడుతుంది. చిటికెనవేలు పిడి అడుగున పెట్టుకుంటే కొందరికి తగ్గుతుంది. తగ్గకపోతే నిటారుగా ఉండే బిస్లీ పిడి ఉన్న మోడల్ చూసుకోవాలి.

పిడి తొడుగుల విషయంలో నా మాట సూటిగా: చెక్క అందం, రబ్బరు పని. అందులోనూ పిడి వెనక లోహపు పట్టీని కప్పే రబ్బరు ఒక రకం, వదిలేసేది ఒక రకం. .44కు కప్పేదే కావాలి. అయితే అది ట్రిగ్గర్‌ను మరికొంచెం దూరం చేస్తుంది, చిన్న చేతులవాళ్లు కొనేముందు పట్టి చూడాలి. అరచేతిలో మెత్త ఉన్న గ్లోవు కూడా పనికొస్తుంది, సిగ్గుపడాల్సిందేమీ లేదు.

ఒక్కటే తూటా

మొదటిసారి పేల్చేవాళ్లకు సిలిండర్‌లో ఒక్క తూటాయే వేసి ఇవ్వాలి. ఇందులో బేరం లేదు. పెద్ద రివాల్వర్ పేలి వెనక్కి తిరిగేటప్పుడు చేతిలోంచి జారుతున్నట్టు అనిపించి, చేయి తనంతట తానే పిడికిలి బిగిస్తుంది. ఆ బిగింపులో చూపుడువేలు కూడా ఉంటుంది. డబుల్ యాక్షన్ రివాల్వర్ రెండోసారి పేలుతుంది, అప్పటికి మూతి ఆకాశం వైపో, ఇంకా దారుణంగా పేల్చేవాళ్ల తల వైపో ఉంటుంది. .500తో ఇలా జరగడం తెలిసిన విషయమే. 2014 ఆగస్టులో అరిజోనాలోని ఒక రేంజిలో తొమ్మిదేళ్ల పాప చేతిలో సబ్‌మెషీన్ గన్ అదుపు తప్పి పక్కనున్న శిక్షకుడు చనిపోయాడు. ఆయుధం వేరు, లోపల జరిగింది ఇదే: తన్నును చేయి ఆపలేకపోయింది, తూటాలు మాత్రం మిగిలి ఉన్నాయి. ఐదారు సార్లు ఒక్కో తూటాతో నిదానంగా పేల్చాక రెండు వేయండి. ఫోన్‌లో వీడియో తీసి నవ్వుకోవడానికి కొత్తవాళ్ల చేతికి నిండు సిలిండర్ ఇచ్చేవాళ్లతో రేంజికి వెళ్లకండి.

మెట్లు కూడా ముఖ్యం. .22తో మొదలు, తర్వాత .357 మాగ్నమ్ రివాల్వర్‌లో .38 స్పెషల్, తర్వాత అందులోనే .357 తూటా, తర్వాత .44 మాగ్నమ్ రివాల్వర్‌లో .44 స్పెషల్, చివర .44 మాగ్నమ్. రివాల్వర్లలో ఉన్న గొప్ప సౌకర్యం ఇదే, పొట్టి తూటా సిలిండర్‌లోని పొడుగు గదిలో పడుతుంది. ఒక చిక్కుంది: పొట్టి తూటా మూతి దగ్గర గదిలో మసి వలయం కడుతుంది. దాన్ని బ్రష్‌తో తీయకుండా మాగ్నమ్ వేస్తే తూటా పూర్తిగా దిగదు, లేదా ఖాళీ తొడుగు బయటికి రానని మొరాయిస్తుంది. స్పెషల్ నుంచి మాగ్నమ్‌కు మారేముందు ప్రతి గదిలోనూ ఇత్తడి బ్రష్ నాలుగుసార్లు తిప్పండి.

ఉలికిపాటు

ఇక అసలు శత్రువు. కుడిచేతివాళ్ల తూటాలు అన్నీ కిందికి, ఎడమకు పడుతుంటే తొంభై పాళ్లు సైట్ల తప్పు కాదు. పేలబోతోందని ఒంటికి తెలిసిపోయి, పేలే క్షణానికి ముందే మణికట్టు కిందికి తోస్తోంది, కళ్లు మూసుకుంటున్నాయి. సమస్య ఏమిటంటే పేల్చేవాళ్లకు అది తెలియదు. పేలుడు దాన్ని కప్పేస్తుంది.

బయటపెట్టే పద్ధతి పాతదే, దానికి మించింది రాలేదు. ఆరు గదుల్లో రెండు తూటాలూ నాలుగు పేలిన ఖాళీ తొడుగులూ వేయండి. సిలిండర్ తిప్పి, చూడకుండా మూయండి. పక్కన ఎవరైనా ఉంటే వాళ్లు నింపి ఇస్తే ఇంకా మంచిది. ఒక్కొక్కటిగా, ప్రతిదీ నిజం తూటా అనుకుని పేల్చండి. హ్యామర్ ఖాళీ తొడుగు మీద పడి టక్కుమన్నప్పుడు ముందు సైటు కదలకుండా ఉండాలి. మూతి కిందికి దిగితే దొరికిపోయినట్టే. మొదటిసారి చాలామంది రెండు మూడు అంగుళాలు దించుతారు.

ఇందులో ఒక మెలిక ఉంది. టక్కుమన్నది ఖాళీ తొడుగో, ఆలస్యంగా పేలబోయే తూటానో మీకు తెలియదు. కాబట్టి ఈ సాధనకు నమ్మకమైన ఫ్యాక్టరీ తూటాలే వాడండి. ప్రతి టక్కుకూ మూతి బోర్డు వైపే ఉంచండి. ఆరూ అయ్యాక 30 సెకన్లు ఆగి అప్పుడు సిలిండర్ తెరవండి.

ఉలికిపాటు ఉందని తేలాక చాలామంది చేసే తప్పు, ఇంకో డబ్బా మాగ్నమ్ పేల్చడం. దాంతో అది ఇంకా ముదురుతుంది. ఒళ్లు ప్రతి దెబ్బకూ "నేను భయపడింది నిజమే" అనుకుంటుంది. వెనక్కి వెళ్లాలి. .22తో ఓ యాభై. ఇంట్లో ఖాళీ తుపాకీతో రోజూ పది నిమిషాలు: తూటాలు ఆ గదిలోనే ఉండకూడదు, గోడ అవతల మనుషులుండకూడదు, సిలిండర్ రెండుసార్లు చూసుకోవాలి. బ్యారెల్ మీద ఒక ఖాళీ తొడుగు నిలబెట్టి, అది పడకుండా ట్రిగ్గర్ నొక్కడం సాధన చేయండి. రేంజికి తిరిగి వచ్చాక కళ్లకు ఒక పని ఇవ్వండి: ముందు సైటు ఎటు లేచిందో చూడాలి. నేరుగా పైకా, కుడికి వాలిందా? అది చూసి తూటా ఎక్కడ తగిలిందో బోర్డు చూడకముందే చెప్పాలి. చెప్పగలిగారంటే కళ్లు తెరిచే ఉన్నాయి.

మనం తన్ను అనుకునేదాంట్లో చాలాభాగం నిజానికి శబ్దం. .44 మాగ్నమ్ పేలుడు 160 డెసిబెల్స్ దాటుతుంది. ఒక్క దెబ్బకే చెవికి ప్రమాదమని చెప్పే హద్దు 140. లోపల నురగ ప్లగ్గులు, పైన మఫ్‌లు, రెండూ పెట్టుకోండి. ప్యాకెట్ మీద రాసిన రెండు అంకెలూ కూడవు, ఎక్కువ ఉన్నదాని మీద ఓ ఐదు డెసిబెల్స్ కలుస్తాయి, అంతే. కానీ ఆ ఐదుతో కనురెప్ప నెమ్మదించడం స్పష్టంగా కనిపిస్తుంది. కప్పు ఉన్న రేంజిలో పేలుడు గోడలకు కొట్టి ఒంటికి తగులుతుంది, పక్క లేన్‌లో ఎవరో పెద్ద రైఫిల్ పేలుస్తుంటే మీ సాధన అయిపోయినట్టే. ఆరుబయట రేంజి దొరికితే అక్కడికే వెళ్లండి, దొరకకపోతే చివరి లేన్ అడగండి.

ఒక పూటకు మాగ్నమ్ తూటాలు 18 నుంచి 24. అంతకుమించి వద్దు. ఒక సిలిండర్ మాగ్నమ్‌కు మూడు సిలిండర్లు స్పెషల్. మాగ్నమ్‌తో ఎప్పుడూ ముగించకండి, చివరి ఆరూ తేలికవే కావాలి, చేతికి చివరగా గుర్తుండేది అదే కాబట్టి. వేళ్లు తిమ్మిరెక్కినా, సందులో జివ్వుమన్నా, మోచేతి బయటివైపు నొప్పి మొదలైనా ఆ పూటకు ఆపేయాలి. మోచేతి నొప్పిని పట్టించుకోకపోతే వారాలు కాదు, నెలలు వేధిస్తుంది.

తూటా, మూతి రంధ్రాలు, పిస్టళ్లు

మాగ్నమ్‌లోనే మెత్తటివి దొరుకుతాయి: 240 గ్రెయిన్లు, సెకనుకు 1,000 అడుగుల దరిదాపు. కాగితం బోర్డుకు అంతకంటే అక్కర్లేదు. 180 గ్రెయిన్లది చురుగ్గా చరుస్తుంది, 300 గ్రెయిన్లది నెమ్మదిగా గట్టిగా తోస్తుంది. ఎవరికి ఏది నచ్చుతుందో పేల్చి చూడాల్సిందే.

సొంతంగా తూటాలు నింపుకునేవాళ్లకు ఒక హెచ్చరిక. తన్ను తగ్గిద్దామని హెచ్110, డబ్ల్యూ296 లాంటి నెమ్మదిగా మండే మందును తగ్గించి వేయకండి. దాన్ని అమ్మే హాజ్డన్ 3 శాతానికి మించి తగ్గించొద్దంటుంది. తగ్గిస్తే సరిగా అంటుకోక బుల్లెట్ బ్యారెల్‌లోనే ఇరుక్కోవచ్చు. తేలిక తూటా కావాలంటే దానికి తగిన వేరే మందు, పుస్తకంలో ఉన్న కొలతతోనే. ఎవరు నింపినదైనా సరే, ఒక తూటా మామూలుగా తన్నలేదనిపిస్తే సంతోషించి రెండోది పేల్చకండి. ఆపి, సిలిండర్ తెరిచి, బ్యారెల్‌లోంచి వెలుతురు కనిపిస్తోందో లేదో చూడండి.

తేలిక రివాల్వర్లలో ఇంకో తంటా. తుపాకీ అంత వేగంగా వెనక్కి వచ్చేసరికి మిగిలిన గదుల్లోని తూటాల తొడుగు వెనక్కి వస్తుంది, బుల్లెట్ మాత్రం ఉన్నచోటే ఉండబోయి ముందుకు ఊడుతుంది. అది సిలిండర్ ముఖం దాటి పొడుచుకొస్తే సిలిండర్ తిరగదు. కొత్త రకం తూటా కొన్నప్పుడు ఐదు పేల్చి, ఆరోదాన్ని తీసి దాని పొడవును పేల్చనిదాంతో పోల్చి చూడండి. పెరిగితే ఆ తూటా ఆ తుపాకీకి పనికిరాదు.

మూతి దగ్గర పైకి రంధ్రాలు చేయించడం, కాంపెన్సేటర్ పెట్టించడం పనిచేస్తాయి. గ్యాసు పైకి చిమ్మి మూతిని కిందికి నొక్కుతుంది. మందు ఎక్కువ ఉన్న తూటాలతో బాగా, .44 స్పెషల్‌తో నామమాత్రంగా. ఖర్చు డబ్బు కాదు, శబ్దం: పేలుడు మీ వైపూ పక్కవాళ్ల వైపూ తిరుగుతుంది. ఉలికిపాటు ఉన్నవాళ్లకు రంధ్రాలు చేయిస్తే మణికట్టుకు మేలు, కనురెప్పకు కీడు. ఒంటికి దగ్గరగా పెట్టుకుని పేల్చే అవసరం ఉన్న తుపాకీకి అసలు వద్దు.

పెద్ద పిస్టళ్లలో డెజర్ట్ ఈగిల్ .50 బరువు రెండు కిలోలు, గ్యాసుతో నడుస్తుంది. కాబట్టి పేరుకు తగ్గంత భయంకరంగా తన్నదు. బరువుకే చేతులు అలిసిపోతాయి. మణికట్టు వదులుగా ఉంటే మాత్రం పైన వెనక్కీ ముందుకీ జరిగే స్లైడు పూర్తిగా వెనక్కి పోక తూటా ఇరుక్కుంటుంది, అప్పుడు తుపాకీని తిట్టడం అన్యాయం. రివాల్వర్‌లో మణికట్టు వదిలితే గురి తప్పుతుంది, పిస్టల్‌లో మణికట్టు వదిలితే తుపాకీయే ఆగుతుంది. ఇంకోటి, పిస్టల్‌లో ఎడమ బొటనవేలు హ్యామర్ వెనక్కి పోకూడదు. స్లైడు దాన్ని కోస్తుంది.

తన్ను భరించలేకపోవడం నామోషీ అనుకునేవాళ్లకు ఎఫ్‌బీఐ కథ చెప్పాలి. 1986లో మయామీలో దొంగలతో జరిగిన కాల్పుల తర్వాత వాళ్లు 10 ఎంఎం ఆటో అనే గట్టి తూటాకు మారారు. ఏజెంట్లందరి చేతికీ అది అమరక, మందు తగ్గించిన తూటా వాడారు. ఆ తగ్గించిన శక్తిని పొట్టి తొడుగులో పెడితే 1990లో వచ్చింది .40 ఎస్ అండ్ డబ్ల్యూ. పాతికేళ్లు గడిచాక వాళ్లే తిరిగి 9 ఎంఎంకు వచ్చేశారు, తక్కువ తన్నే తుపాకీతో ఎక్కువమంది వేగంగా, సరిగ్గా కొడుతున్నారని. పొట్టకూటికి తుపాకీ పట్టేవాళ్లే దిగొచ్చారు.

ఇంటికి బయల్దేరేముందు స్క్రూలు చూడండి. చేతిని కొట్టిన దెబ్బే తుపాకీని కూడా కొడుతుంది. సింగిల్ యాక్షన్ రూగర్లలో ఖాళీ తొడుగులను బయటికి నెట్టే ఎజెక్టర్ గొట్టాన్ని పట్టి ఉంచే చిన్న స్క్రూ, రెడ్ డాట్ లేదా స్కోపు లాంటి గురి సాధనాల బిగింపులు, పిడి స్క్రూ, ఇవి ఊడే వరస అదే. స్మిత్ రివాల్వర్‌లో ఎజెక్టర్ రాడ్ వదులైతే సిలిండర్ తెరుచుకోదు. ఈ కాలపు వాటిలో దాని మర ఎడమచేతి వాటం, మామూలు దిశలో తిప్పితే ఇంకా వదులవుతుంది. ప్రతి యాభై మాగ్నమ్ తూటాలకూ ఒకసారి స్క్రూడ్రైవర్‌తో తాకి చూడటం చాలు. నీలి రంగు లాక్‌టైట్ (స్క్రూ జిగురు) ఒక చుక్క వేసుకోవచ్చు, ఎర్రది వద్దు, మళ్లీ ఊడదీయాలంటే వేడి పెట్టాల్సొస్తుంది.